గుంటూరు నుంచి డాలస్‌కి: గంటల లెక్క, డాలర్ల లెక్క

తమ్ముడూ, నీ లెక్క చూశాను. హైదరాబాద్ నుంచి డాలస్‌కి సుమారు 14,400 కిలోమీటర్లు, విమానం గంటకి 900 పోతుంది, అంటే 16 గంటలు. మరి టికెట్ మీద ఇరవై రెండున్నర ఎందుకుంది, ఏజెంటు ముంచుతున్నాడా అని కదా నీ టెన్షన్! ముంచడం లేదు. ఆ 14,400 గ్లోబు మీద దారం లాగి కొలిచిన దూరం. నువ్వు దోహా మీదుగా వెళ్తున్నావు. ముందు 2,900, తర్వాత 12,700. గాల్లో నాలుగున్నర గంటలు, పదహారు గంటలు, మధ్యలో రెండు గంటల ఆగుడు.

తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి దిగుతావు. చూడ్డానికి పన్నెండు గంటలే. ఆగస్టులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అది కలుపుకో. చలికాలంలో పదకొండున్నర.

నాకూ ఈ లెక్కలన్నీ వచ్చనే అనుకున్నాను, 2009లో. షికాగో దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి డాలస్‌కి విడిగా ఇంకోటి కొన్నాను. నాలుగు వేలు మిగిల్చానని బ్రాడీపేట అంతా చెప్పుకున్నాను కూడా. రెండిటికీ మధ్య రెండు గంటలు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అని, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పజెప్పాలని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. క్యూలోనే గంటన్నర అయింది. పెట్టె చూస్తే గోంగూర పచ్చడి నూనె కారుతోంది. దాన్ని ఈడ్చుకుంటూ వెళ్లేసరికి విమానం వెళ్లిపోయింది. రెండూ ఒకే బుకింగ్ అయితే తర్వాతి దాంట్లో వాళ్లే సర్దేవాళ్లు. నాది విడి టికెట్ కదా, కొత్తది కొనుక్కోమన్నారు. 240 డాలర్లు! జేబులో ఉన్నవే 600. అప్పుడు డాలరు 48 రూపాయలు. పదకొండున్నర వేలు! ఆ రాత్రి కుర్చీలో కూర్చుని, అది నాన్న జీతంలో ఎన్ని రోజులదో లెక్కేస్తూనే తెల్లవార్చాను. ఇప్పుడంటే ఇల్లు కొనుక్కున్నాను గానీ, ఆ 240 మాత్రం ఇంకా నొప్పే.

నువ్వు అసలు లెక్కలోకే తీసుకోనిది ఇంకోటుంది, గుంటూరు నుంచి శంషాబాద్. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా ఆరు గంటలు వేసుకో. పంతంగి టోల్ దగ్గర ఆగిపోతామని ఇంకో గంట. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి కాబట్టి సాయంత్రం 6కే ఇల్లు కదలాలి. ఇంటి నుంచి లెక్కేస్తే ముప్పై రెండున్నర గంటలు, డాలస్‌లో క్యూ కాక. గన్నవరం నుంచి విమానం గంటే కదా అని విడిగా టికెట్ కొంటావేమో, మళ్లీ నా కథే.

ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం), సామాను బరువు లాంటివి కాలేజీ వాళ్ల మెయిల్లో, టికెట్ మీద ఉంటాయి, చదువుకో. ఖాళీ నీళ్ల సీసా ఒకటి బ్యాగులో పెట్టుకో. సెక్యూరిటీ దాటాక కుళాయి దగ్గర పట్టుకోవచ్చు. అక్కడ సీసా కొన్నావంటే మన బ్రాడీపేటలో రెండు పూటల టిఫిను.