‘యుద్ధం వద్దు’ అంటే ఎవరూ కాదనరు, అదే చిక్కు

అమ్మడూ,

భారత్, పాకిస్తాన్ మధ్య యుద్ధం వద్దని మీ కాలేజీ వాళ్లంతా కలిసి రాసిన పాంప్లెట్ చదివాను. భాష బాగుంది, కోపం కూడా బాగుంది. కానీ ఇది పట్టుకుని నువ్వు ఎవరి దగ్గరికి వెళ్లినా, అది ఎంపీ కానీ కలెక్టరు కానీ, నవ్వుతూ తీసుకుని ‘నేనూ శాంతినే కోరుకుంటానమ్మా’ అని టీ ఇచ్చి పంపిస్తారు. యూనియన్‌లో ఏళ్ల తరబడి డిమాండ్ల పత్రాలు రాసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ‘కార్మికులకు న్యాయం చేయాలి’ అని రాస్తే మేనేజ్‌మెంట్ సంతకం పెట్టేస్తుంది, ‘ఫలానా షెడ్డులో ఫ్యాన్లు ఈ నెలాఖరుకి బిగించాలి’ అని రాస్తేనే ముఖం మాడుతుంది. నువ్వు అడిగేది జరిగిందో లేదో రేపు ఎవరైనా చూసి చెప్పగలిగేలా ఉండాలి.

అర్జెంటీనా, బ్రెజిల్ సంగతి చదువు. మనవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. 1970ల చివర్లో రెండు చోట్లా మిలిటరీ పాలన, రెండూ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరలేదు, ఒకరికి తెలియకుండా ఒకరు యురేనియం శుద్ధి చేసే పనిలో పడ్డారు, అటువాడు బాంబు చేస్తే ఎలా అని ఇటువాడికి టెన్షన్. తర్వాత రెండు దేశాల్లోనూ పౌర ప్రభుత్వాలు వచ్చాయి. 1985 నవంబరులో అర్జెంటీనా అధ్యక్షుడు అల్ఫోన్సిన్, బ్రెజిల్ అధ్యక్షుడు సార్నే సరిహద్దులోని ఇగ్వాసు దగ్గర కలిసి అణు విషయంలో సహకరించుకుందామని ఒక ప్రకటన చేశారు. అక్కడితో ఆగితే అది కూడా మీ పాంప్లెట్ లాంటిదే అయ్యేది. కానీ 1987లో అల్ఫోన్సిన్, మొదట్లో రహస్యంగా కట్టిన పిల్కానియేయూ యురేనియం ప్లాంటుకి సార్నేని తీసుకెళ్లి లోపల చూపించాడు. మరుసటి ఏడాది సార్నే తమ అరమార్ అణు కేంద్రాన్ని అల్ఫోన్సిన్‌కి చూపించాడు. 1991లో రెండు దేశాలూ కలిసి తనిఖీ సంస్థే పెట్టుకున్నాయి. బ్రెజిల్ ప్లాంట్లకు అర్జెంటీనా ఇన్‌స్పెక్టర్లు వెళ్లి లెక్కలు చూస్తారు, అర్జెంటీనా ప్లాంట్లకు బ్రెజిల్ వాళ్లు వెళ్తారు. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ పని నడుస్తూనే ఉంది.

అయితే ఇది చెప్పేటప్పుడు తేడా దాచకు. వాళ్లిద్దరి మధ్య విభజన లేదు, కశ్మీరు లేదు, అప్పుల బాధతో ఇద్దరికీ ఖర్చు తగ్గించుకోవాల్సిన అవసరం ఉంది, 1982లో ఫాక్లాండ్స్ దీవుల కోసం బ్రిటన్‌తో చేసిన యుద్ధంలో ఓటమితో అర్జెంటీనా సైన్యం పరువు కూడా పోయింది. ఇదంతా నువ్వే ముందు ఒప్పుకుంటే ఎదుటివాడు సగం వాదన మర్చిపోతాడు.

కోస్టారికా పేరు మాత్రం తక్కువ వాడు. ప్రతి శాంతి సభలోనూ ఎవరో ఒకరు లేచి ‘1948లోనే సైన్యాన్ని రద్దు చేశారండీ’ అంటారు. నిజమే, వాళ్ల నాయకుడు ఫిగేరెస్ సుత్తి పట్టుకుని బారక్స్ గోడ మీద దెబ్బ కొట్టాడు, ఆ బారక్స్ తర్వాత మ్యూజియం అయింది. కానీ అది అంతర్యుద్ధంలో గెలిచినవాడు చేసిన పని, అది కూడా చిన్న దేశంలో. రెండు అణు దేశాల మధ్య బతికేవాళ్లకి దాంతో దారి దొరకదు.

మన దగ్గర నడుస్తున్నవి ఏమున్నాయో చూడు. భారత్, పాకిస్తాన్ ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988లో ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ప్రతి జనవరి 1న తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైంది, కార్గిల్ తర్వాత కూడా ఆగలేదు, బాలాకోట్ తర్వాత కూడా ఆగలేదు. పేపర్లో మూలన నాలుగు లైన్ల వార్త, అంతే. సింధు జలాల ఒప్పందమూ 1960 నుంచి అన్ని యుద్ధాలనూ తట్టుకుంది, చివరికి 2025లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని పక్కన పెట్టింది. కొత్తగా కలలు కనేముందు ఉన్నవాటిని కాపాడమని అడగడం నేర్చుకో.

మీ గ్రూపుకి నేను చెప్పే పని మత్స్యకారులది. శ్రీకాకుళం తీరంలో డి. మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి మగవాళ్లు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి ఎక్కుతారు. సముద్రంలో గీత కనిపించదు కదా, బోటు అటు వెళ్తే పాకిస్తాన్ వాళ్లు పట్టుకుని కరాచీ జైల్లో పెడతారు, వాళ్ల బోట్లు ఇటు వస్తే మనవాళ్లూ అదే చేస్తారు. 2018 నవంబరులో దొరికిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. (‘తండేల్’ సినిమా వచ్చాక గానీ మన హైదరాబాద్ వాళ్లకి ఈ సంగతి తెలియలేదు, అది వేరే విషయం.) 2008 ఒప్పందం ప్రకారం జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చుకుంటాయి. ఖైదీలను చూడ్డానికి రెండు వైపుల రిటైర్డ్ జడ్జీలతో ఒక కమిటీ ఉండేది, 2013 తర్వాత అది కూర్చోనే లేదు. అడగండి, ఆ కమిటీని మళ్లీ కూర్చోబెట్టమని. శిక్ష పూర్తయినవాళ్లని ఎందుకు పంపలేదో చెప్పమని. మిమ్మల్ని దేశద్రోహి అనేవాడు కూడా మత్స్యకారుడి భార్య ముందు నిలబడి ఆ మాట అనలేడు.

డబ్బు లెక్కల జోలికి వెళ్తే పూర్తిగా చదివి వెళ్లు. 2025-26లో రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు, దాంతో ఎన్ని ఆసుపత్రులు కట్టొచ్చో చూడండి అని రాశారు మీరు. అందులో సుమారు 1.6 లక్షల కోట్లు పెన్షన్లే. ‘జవాను పెన్షన్ కోసి బడి కడతావా’ అని ఒక్కడు లేచి అడిగితే సభ అయిపోయినట్టే.

ఇంకోటి, మన హైదరాబాద్‌లో ఉండి ఆయుధాలు చేసేవాళ్లని తిట్టకు. క్షిపణులు చేసే బీడీఎల్‌లోనో, ప్రత్యేక లోహాలు చేసే మిధానిలోనో, రక్షణ పరిశోధన చేసే డీఆర్‌డీఓ ల్యాబుల్లోనో పనిచేసేవాడు ప్రతి వీధిలో ఒకడుంటాడు, వాడి జీతంతోనే పిల్లల ఫీజులు కడుతున్నాడు. వాళ్లతో వేరే మాట మాట్లాడు. నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు కాళ్లకు కట్టే మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, క్షిపణికి వాడే తేలికపాటి కాంపోజిట్ పదార్థంతో కలాం గారి బృందం 300 గ్రాముల్లో చేసి ఇచ్చింది. అదే చేతులు, అదే మెటీరియల్. బ్రిటన్‌లో యుద్ధ విమానాల భాగాలు కూడా చేసే లూకాస్ ఏరోస్పేస్ కంపెనీ యూనియన్ వాళ్లు 1976లో, మా ఉద్యోగాలు పోకుండా ఇవి తయారు చేయొచ్చు అని డయాలసిస్ యంత్రాలతో సహా సుమారు 150 వస్తువుల ప్లాన్ రాసిచ్చారు. మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదనుకో. అయినా ఆ ప్లాన్ రాసింది ఫ్యాక్టరీ లోపలివాళ్లు, గేటు బయట ప్లకార్డు పట్టుకున్నవాళ్లు కాదు.

ఎక్కడైనా దాడి జరిగి జనం చచ్చిపోయిన వారంలో మాత్రం మీటింగు పెట్టకండి. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లండి, వీలుకాకపోతే ఊరుకోండి.

శ్రీకాకుళం ప్రయాణం జూన్ నెలాఖరుకి పెట్టుకో. అప్పుడు పడమటి తీరంలో వేట నిషేధం ఉంటుంది, గుజరాత్ వెళ్లినవాళ్లు చాలామంది ఊళ్లోనే దొరుకుతారు, జులై 1 జాబితా వచ్చేసరికి నువ్వు అక్కడే ఉంటావు. కెమెరా మొదటి రోజు బయటికి తీయకు. ఖర్చులకి డబ్బు నేను పంపుతాను, మీ నాన్నకి చెప్పకు.

మీ పెదనాన్న