టెక్ సందేహాలు: రైలు చిన్నదే, కరెంటు సంగతే పెద్దది

మోడల్ రైళ్ల మీద ప్రశ్నలు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. ఈసారి వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ప్రదర్శనకు వెళ్లినవాళ్లు బల్ల మీద తిరిగే రైలునే చూసి వస్తారు. ఇంటికి వచ్చాక తలనొప్పి తెచ్చేదంతా బల్ల కింద ఉంటుంది.

ప్రశ్న (నెల్లూరు, విశ్రాంత రైల్వే ఉద్యోగి): మా అమ్మాయి దగ్గరికి మసాచుసెట్స్ వెళ్లినప్పుడు, వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జనవరిలో ఆమ్‌హెర్స్ట్ రైల్వే సొసైటీ జరిపే మోడల్ రైళ్ల ప్రదర్శన చూశాను. పాత సామాను అమ్మేచోట హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) ఇంజిను, పట్టాలు, కంట్రోలర్ కొన్నాను. పక్క బల్ల మీద చవగ్గా దొరికిందని జర్మనీ కంపెనీ మార్క్‌లిన్ ఇంజిను ఒకటి కూడా తెచ్చాను. ఇక్కడ ప్లగ్గులో పెట్టవచ్చా?

ముందు ఆ కంట్రోలర్‌ను ప్లగ్గుకు దూరంగా పెట్టి, వెనక ఉన్న చీటీ చదవండి. 'ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే బెంగ లేదు, పిన్ను మార్చుకుంటే చాలు. '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే, చేతికి బరువుగా తగిలితే, లోపల ఉన్నది పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్. మన 230 వోల్టులు ఇస్తే దాని ఇనుప కోర్ తట్టుకోలేదు. తీగచుట్టలో కరెంటు అమాంతం పెరిగి, కాసేపట్లోనే కాలిన వాసన వస్తుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు. ఈ తేడా తెలియక విదేశీ సామాను కాల్చుకున్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి.

ఎలక్ట్రికల్ దుకాణంలో 230 నుంచి 110 వోల్టులకు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. ఒక్క ఇంజినుకు 100 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యం ఉన్నది ధారాళంగా సరిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్ మాత్రం వద్దు.

ఇక మార్క్‌లిన్ సంగతి. మీరు కొన్న మొదటి ఇంజిను రెండు పట్టాల డీసీ పద్ధతిది అయి ఉంటుంది. కరెంటు ఒక పట్టా నుంచి వచ్చి రెండో పట్టాలోకి వెళ్తుంది, దాని దిశ మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. మార్క్‌లిన్ హెచ్‌ఓ అలా కాదు. పట్టాల మధ్య వరుసగా ఉండే చిన్న లోహపు బొడిపెల నుంచి కరెంటు తీసుకుంటుంది. ఇంజినును తిరగేసి చూడండి. అడుగున పొడవాటి లోహపు పట్టీ కనిపిస్తే అది ఆ రకమే. దాని చక్రాలకు రెండు వైపుల మధ్య కరెంటు పారకుండా ఆపే ఇన్సులేషన్ ఉండదు కాబట్టి మీ మామూలు పట్టాల మీద పెట్టగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దానికి దాని పట్టాలు, దాని కంట్రోలరే కావాలి. లేదంటే అద్దాల బీరువాలో పెట్టుకోండి, అక్కడ అందంగానే ఉంటుంది.

ప్రశ్న (మార్కాపురం, ఇంజినీరింగ్ విద్యార్థి): ప్రదర్శనల వీడియోల్లో ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లను ఇద్దరు వేర్వేరు ఫోన్లతో నడుపుతున్నారు. నా దగ్గర ఆర్డ్యూనో మెగా (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ఉంది. నేనూ చేయగలనా?

చేయగలరు. ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. పాత డీసీ పద్ధతిలో పట్టాల్లో వోల్టేజి పెంచితే దాని మీదున్న బళ్లన్నీ ఒకేసారి ఉరుకుతాయి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, దాని దిశ మాత్రం క్షణక్షణం మారుతూ ఉంటుంది. ఆదేశం ఆ మార్పుల నిడివిలోనే దాగి ఉంటుంది. సుమారు 58 మైక్రోసెకన్ల అర అల '1', 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే '0'. ఇంజిను లోపలి డీకోడర్ ఇదంతా వింటూ, తన నంబరు వినిపించినప్పుడే కదులుతుంది. కొత్త డీకోడర్లు సాధారణంగా 3వ నంబరుతో వస్తాయి. రెండో ఇంజినుకు మొదటే నంబరు మార్చుకోండి, లేకపోతే రెండూ కవలల్లా కలిసి నడుస్తాయి.

మీ మెగా బోర్డుకు పట్టాలకు కరెంటు అందించే మోటార్ షీల్డ్ ఒకటి, ఒక వైఫై మాడ్యూల్ తగిలించి, డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. ఆండ్రాయిడ్ ఫోనులో ఇంజిన్ డ్రైవర్ అనే యాప్ వేసుకుంటే మీటలు చేతిలోకి వచ్చినట్టే. మూల పడి ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే జేఎంఆర్‌ఐ అనే మోడల్ రైళ్ల సాఫ్ట్‌వేర్ కూడా వేసి చూడండి. అదీ ఉచితమే, డీకోడర్ సెట్టింగులు మార్చడానికి చాలా సుఖం. డీకోడర్ లేని పాత డీసీ ఇంజినును మాత్రం ఈ పట్టాల మీద నిలబెట్టవద్దు. కదలకపోయినా గుయ్యిమంటూ మోటారు వేడెక్కుతుంది.

ప్రశ్న (ఒంగోలు): పిల్లలతో పుణె వెళ్తున్నాం, కొత్రుడ్‌లోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూస్తాం. ఫోనుతో తీసే వీడియోల్లో లైట్లు చారలు చారలుగా వస్తుంటాయి. ఏం చేయాలి?

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కెమెరాలో ప్రో మోడ్ తెరిచి షట్టర్‌ను 1/50 లేదా 1/100కు బిగించండి. అమెరికాలో అయితే 1/60. వెలుగు తగ్గించి పెట్టిన ఎల్‌ఈడీలు దానికీ లొంగకపోవచ్చు, వాటిని ఫ్రేములోంచి తప్పించడమే మార్గం. ఇంకొకటి: ఫోనును తలకిందులుగా పట్టుకోండి. లెన్సు కిందికి వచ్చి పట్టాల ఎత్తుకు దిగుతుంది, బొమ్మ రైలు నిజం రైలంత కనిపిస్తుంది.

ప్రశ్న (రాపూరు): మా వెలిగొండల్లోని రైలు సొరంగాన్ని ఇంట్లో మోడల్‌గా కట్టాలని ఉంది. గది పొడవు 3 మీటర్లు. లెక్కలకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఓబులవారిపల్లె-వెంకటాచలం మార్గంలోని ఆ పెద్ద సొరంగం సుమారు 6.6 కిలోమీటర్లు. హెచ్‌ఓ అంటే 1:87. ఆ లెక్కన మీ సొరంగం 76 మీటర్లు కావాలి, అంటే మీ వీధి చివరిదాకా! 1:160 ఉండే ఎన్ స్కేల్‌లో అయినా 41 మీటర్లు. కాబట్టి రెండు ముఖద్వారాలు శ్రద్ధగా కట్టి, మధ్యలో పట్టాను కొండ వెనక వంపు తిప్పండి. రైలు లోపల కాసేపు ఆగి బయటికి వస్తే చూసేవాళ్ల మనసే మిగతా దూరం నింపుకుంటుంది.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం విషయంలోనూ పట్టుదల వద్దు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, 1:87లో 19.3 అవ్వాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి లెక్క. ఆ మూడు మిల్లీమీటర్ల కోసం పట్టాలు సొంతంగా చేసుకునే ఘనులు ఉన్నారు గానీ మొదటి లేఅవుట్‌కు ఆ పని పెట్టుకోకండి.

నక్షా గీయడానికి ఉచితంగా దొరికే ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ చాలు. మన రైళ్లలోని 23.5 మీటర్ల ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె హెచ్‌ఓలో మీ బల్ల మీద 27 సెంటీమీటర్లు ఉంటుందని గుర్తుంచుకుని, వంపులు వీలైనంత వెడల్పుగా పెట్టండి. ఇరుకు వంపులో అంత పొడవు పెట్టెల మూలలు సొరంగం గోడకు రాసుకుంటాయి. కొండకు వెనకవైపు చెయ్యి దూరేంత కిటికీ వదలండి. పట్టాలు తప్పేది ఎప్పుడూ కంటికి కనిపించని చోటే.