గోదారి గట్టు మీద సినిమా వెతుక్కునేవాడికి

విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నవ్వుల సినిమాలు తీసిన చోట్లన్నీ చూస్తానని, రెండు రోజుల్లో రాజమండ్రి, పాపికొండలు, అరకు చుట్టేస్తానని రాశావు. అరకు కొట్టెయ్. ఒకరోజు రాజమండ్రి, కొవ్వూరు; రెండోరోజు పాపికొండల లాంచీ. అంతే పడుతుంది.

అసలు పని ఇంట్లోనే ఉంది. సినిమా పెట్టి, దూరం నుంచి తీసిన షాట్ దగ్గర ఆపి స్క్రీన్‌షాట్ తీసుకో. సీను మొదట్లోనో పాట మొదట్లోనో అలాంటివి దొరుకుతాయి. సినిమాకి ఐదారు చాలు. అందులో కదలనివి చూసుకో: వంతెన, రేవు మెట్లు, గుడి గోపురం, ఒడ్డు వంపు. ఇంటినీ చెట్టునీ నమ్ముకోకు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టని పేరుపడ్డ 150 ఏళ్ల నిద్రగన్నేరే 2024 ఆగస్టులో కూలిపోయింది. ఇంటి బయటి భాగం ఒక ఊళ్లో, లోపలి గది సెట్లో తీయడం మామూలే, కాబట్టి ఎవరి గుమ్మమో తొక్కి వంటిల్లు చూపించమనకు.

రాజమండ్రిలో వంతెనలే క్యాలెండరు. పాత హేవలాక్ వంతెన 1900 నాటిది. రోడ్డు కమ్ రైలు వంతెన 1974లో వచ్చింది, కమానుల వంతెన 1997లో. ఎనభైల సినిమా ఫ్రేము పట్టుకుని కమానులు కనపడేచోట నిలబడితే ఎప్పటికీ సరిపోదు. చోటు సరైనదే అయినా నీ ఫోన్లో వంతెన సినిమాలోకంటే చిన్నగా కనిపిస్తోందంటే అది లెన్సు మాయ. దూరాన్ని దగ్గరకు లాగే లెన్సుతో తీసి ఉంటారు. నువ్వు వెనక్కి నడిచి, ఫోన్లో రెండింతలో మూడింతలో జూమ్ చెయ్యి. ముందుకు వెళ్లావా, అంతా చెడుతుంది.

వెలుతురు సంగతి. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డు. పొద్దున అక్కడి ఘాట్ నుంచి తీస్తే ఎండ నీ వీపు మీద పడుతుంది, నీళ్లు తేటగా వస్తాయి. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు కాబట్టి మనుషులు నల్లటి బొమ్మల్లా పడతారు. అందుకని పొద్దున రాజమండ్రి, సాయంత్రం కొవ్వూరు గట్టు.

గుంటూరు నుంచి సింహాద్రి ఎక్స్‌ప్రెస్ నేరుగానే ఉంది గానీ సగం రోజు రైల్లోనే పోతుంది. ముందు రాత్రే బెజవాడ వచ్చేసి పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. తిరుగు రత్నాచల్ మాత్రం పొద్దు వాలకముందే రాజమండ్రి దాటిపోతుంది, దానికి టికెట్ తీసుకోకు. కొవ్వూరులో అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, రాజమండ్రిలోనే దిగి ఆటోలో నది దాటు.

లాంచీకి జూలై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లొద్దు, వరదొస్తే ఆపేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి గుర్తుంచుకుని, ఎంత ఉక్కపోసినా లైఫ్ జాకెట్ తియ్యకు. 1973 'అందాల రాముడు', 2006 'గోదావరి' రెండూ ఈ నది మీద పడవ ప్రయాణాలే. అయితే పోలవరం ప్రాజెక్టు కట్టడానికి నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట, అదే కాఫర్ డ్యామ్, వచ్చాక నీరు వెనక్కి ఎగదన్ని దేవీపట్నం వైపు ఊళ్లు మునిగాయి. రేవులు పోల్చుకోలేవు, కొండల అంచుల్ని బట్టే చూసుకో. కొండల మధ్య సిగ్నల్ నిలవదు, ఫొటోలు ముందే ఫోన్లో దింపుకో.

దారి అడిగేటప్పుడు ఫొటో చూపించి "ఇదేనా అండీ?" అనకు. మర్యాదకి అందరూ అవుననే అంటారు. "ఇదెక్కడండీ?" అని ఊరుకో. సినిమా పేరు గుర్తులేకపోయినా, ఏ నటుడు ఎక్కడ నిలబడ్డాడో పెద్దవాళ్లకి గుర్తుంటుంది.

మీ మామయ్య