మునగాకు ఎక్స్‌ట్రాక్ట్ ప్రీబయోటిక్ అని రాసేముందు

మునగాకు ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే లాక్టోబాసిల్లస్ (పెరుగులో, పేగులో ఉండే మంచి బ్యాక్టీరియా) బాగా పెరిగింది, దీన్ని ప్రీబయోటిక్ (పేగులోని మంచి బ్యాక్టీరియాకి మేత) అని ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో రాసేయొచ్చా అని అడిగారు కదా, అప్పుడే రాయకండి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో నా డిసర్టేషన్ కూడా ఆకుల మీదే, మునగాకు, గోంగూర, బచ్చలి.

ముందు మీ మీడియం ఏంటో చూడండి. లాక్టోబాసిల్లస్‌ని పెంచే మామూలు ఎంఆర్ఎస్ బ్రాత్ అనే ద్రవంలో లీటరుకి 20 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, అంత గ్లూకోజ్ దొరికాక ఆకు వేసినా వెయ్యకపోయినా అది పెరిగేదే. గ్లూకోజ్ లేకుండా ఎంఆర్ఎస్ విడిగా కలుపుకోండి, పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, సాల్ట్స్ అన్నీ అవే, గ్లూకోజ్ ఒక్కటి వదిలెయ్యాలి. కంట్రోల్స్‌లో ఏమీ కలపని ట్యూబ్, గ్లూకోజ్ ట్యూబ్, ఎఫ్ఓఎస్ (ఫ్రక్టో-ఆలిగోశాకరైడ్లు, ప్రీబయోటిక్ అని ఇప్పటికే పేరున్నవి) ట్యూబ్ కచ్చితంగా ఉండాలి. ఇన్యులిన్ కంటే ఎఫ్ఓఎస్ నయం, ఇన్యులిన్ కూడా ఫ్రక్టోజ్ గొలుసే, కానీ పొడవాటి ఇన్యులిన్‌ని చాలా లాక్టోబాసిల్లస్‌లు తినలేవు.

అసలు చిక్కంతా చక్కెరతోనే. ఆకులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ ఉంటాయి, నీళ్లలో మరిగిస్తే అవన్నీ ఎక్స్‌ట్రాక్ట్‌లోకి దిగుతాయి, మనం తింటే అవి చిన్నపేగులోనే రక్తంలోకి పోతాయి, పెద్దపేగు దాకా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు, కానీ ట్యూబులో బ్యాక్టీరియా వాటినే తిని పెరుగుతుంది, మనమేమో ఆకు గొప్పదనం అనుకుంటాం. అందుకే ఎక్స్‌ట్రాక్ట్‌కి నాలుగింతలు ఇథనాల్ పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, పాలీశాకరైడ్లు (పొడవాటి చక్కెర గొలుసులు) అడుక్కి దిగుతాయి, చిన్న చక్కెరలు పైన ద్రావణంలో ఉండిపోతాయి. సెంట్రిఫ్యూజ్ చేసి ఆ అడుగు ముద్దని డయాలిసిస్ చేసి (సన్న రంధ్రాల పొరలో పెట్టి మిగిలిన చిన్న చక్కెరల్ని బయటికి పంపేసి) అప్పుడు టెస్ట్ చెయ్యండి. మా ల్యాబ్‌లో ఇలా చేస్తే బచ్చలి నుంచి జిగురు తీగలు తీగలుగా దిగింది, మునగాకు నుంచి దిగింది తక్కువే, అంతకుముందు కనిపించిన గ్రోత్ కూడా చాలావరకు తగ్గిపోయింది. వీలైతే ఆ ముద్దని అమైలేజ్, పెప్సిన్, పాంక్రియాటిన్ లాంటి జీర్ణ ఎంజైములతో కూడా ట్రీట్ చెయ్యండి, అరగనిదే కదా మనకి కావాల్సింది.

ఓడీ 600 (ద్రవం ఎంత మసకబారిందో చూసి గ్రోత్ చెప్పే రీడింగ్) ఒక్కదాన్నే నమ్మకండి, ఆకు రంగుకే రీడింగ్ లేస్తుంది. బ్యాక్టీరియా కలపని ఎక్స్‌ట్రాక్ట్‌ని బ్లాంక్‌గా పెట్టి ప్లేట్ కౌంట్ కూడా చెయ్యండి. గోంగూర లాంటివి వాటంతటవే పులుపు కాబట్టి మొదట్లోనే పీహెచ్ 6.5కి తేవాలి, లేకపోతే పీహెచ్ పడింది బ్యాక్టీరియా వల్లనా ఆకు వల్లనా తేలదు.

ఇంకోటి, చాలా ప్రాజెక్టుల్లో కనిపించనిది. పక్కన ఈ.కోలై అనే ఇంకో పేగు బ్యాక్టీరియాని కూడా అదే ఆకు మీద పెంచి చూడాలి, దానికి వేరే మినిమల్ మీడియం (లవణాలు లాంటి కనీస పోషకాలే ఉండేది) వాడాలి. 2017లో ఐసాప్ (ప్రోబయోటిక్, ప్రీబయోటిక్‌ల అంతర్జాతీయ శాస్త్రీయ సంఘం) ప్రీబయోటిక్‌కి ఇచ్చిన నిర్వచనంలోనే ఉంది, మన ఒంట్లోని సూక్ష్మజీవులు ఎంపికగా వాడుకోవాలి, దానివల్ల ఆరోగ్యానికి మేలు జరగాలి అని. ఈ.కోలై కూడా అంతే పెరిగితే అది ఉత్త ఆహారమే. ఆ మేలు సంగతి ట్యూబుల్లో ఎలాగూ తేలదు కాబట్టి రిపోర్ట్‌లో "ప్రీబయోటిక్ అయ్యే అవకాశం ఉంది" దాకా రాయండి, ఇథనాల్‌కి ముందూ తర్వాతా గ్లూకోజ్ లాంటి చక్కెరలు ఎంత ఉన్నాయో చెప్పే డీఎన్ఎస్ టెస్ట్ రీడింగులు ఒక టేబుల్‌గా పెట్టండి, వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చక్కెర గురించి అడిగితే చూపించొచ్చు.