పిడుదులకు టీకా వచ్చిందంటారు, మరి ఎందుకు కనబడదు?

"పిడుదులకు వ్యాక్సిన్ ఎప్పుడో కనిపెట్టారని చదివాను. మరి పశువుల డాక్టర్లు ఇప్పటికీ ఒంటిమీద కొట్టే మందే ఎందుకు రాస్తున్నారు? మనుషులకు కూడా అలాంటి టీకా వస్తుందా?" అని అడిగారు. పశువైద్యంలో పీజీ చేసిన రోజుల్లో పిడుదులను పెంచడం, తూచడం, వాటి గుడ్లు లెక్కపెట్టడమే నా పని. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

కనిపెట్టిన మాట నిజమే. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థలో పీటర్ విలాడ్సెన్ బృందం 1980ల్లో పశువుల పిడుదు పేగులో ఉండే ఒక ప్రొటీన్‌ను గుర్తించింది. దాని పేరు బీఎం86. దాన్ని ఆవుకు టీకాగా వేస్తే ఆవు రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. పిడుదు ఆ రక్తం తాగినప్పుడు అవి కూడా లోపలికి వెళ్లి, దాని పేగు కణాలను పట్టుకుని పాడుచేస్తాయి. ఇదే ప్రొటీన్‌తో 1990ల్లో ఆస్ట్రేలియాలో టిక్‌గార్డ్, క్యూబాలో గవాక్ అనే టీకాలు మార్కెట్లోకి వచ్చాయి.

చిక్కు ఎక్కడుందో నాకు పుస్తకాల్లో కన్నా దూడ పక్కన కూర్చున్నప్పుడే బాగా అర్థమైంది. కడుపునిండా తాగిన ఆడ పిడుదు బరువు వంద రెట్ల దాకా పెరుగుతుంది. బూడిదరంగు గింజలా ఉబ్బి, తనంతట తానే రాలిపోతుంది. పొద్దున్నే వెళ్లి రాలినవాటిని ఏరి, కడిగి, తడి ఒత్తి, ఒక్కోదాన్నీ తూచేవాళ్లం. తర్వాత గాజు పళ్లెంలో రెండువైపులా అంటుకునే టేపు మీద వెల్లకిలా అంటించేవాళ్లం. కొన్ని రోజులకు తల దగ్గర గోధుమరంగు గుడ్లు మెరుస్తూ కుప్పపడతాయి. ఒక్క పిడుదు రెండు మూడు వేలు పెడుతుంది. ఒక గ్రాము గుడ్లంటే దాదాపు 20 వేలు.

ఈ రకం టీకా వేసిన దూడ నుంచి రాలినవాటిలో కొన్ని బూడిదరంగులో లేవు, ఎర్రగా ఉన్నాయి. పేగు చిల్లుపడి, తాగిన రక్తం ఒంట్లోకి పాకింది. కొన్ని గుడ్లు పెట్టకుండానే చచ్చాయి, కొన్ని పెట్టినా చిటికెడే. నాకు పట్టలేనంత సంతోషం. అదే సమయంలో పశువులు పెంచే ఒక పెద్దాయన వచ్చి, ఆ దూడ చెవి తిప్పి, తోక ఎత్తి చూశారు. "టీకా వేశామంటున్నారు, పిడుదులు అట్లాగే ఉన్నాయి గదమ్మా" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పిడుదు కరవకుండా ఈ టీకా ఆపదు. కరిచిన పిడుదు సరిగా పిల్లల్ని కనకుండా చేస్తుంది. ఫలితం కనబడేది ఆ పశువు ఒంటిమీద కాదు, తర్వాతి తరాల్లో, మేసే నేలలో. పిచికారీ మందు కొడితే పిడుదులు కళ్లముందే రాలతాయి. రెండిట్లో రైతు దేన్ని నమ్ముతాడో వేరే చెప్పాలా? పైగా పేగు ప్రొటీన్‌ను పిడుదు పశువుకు ఎప్పుడూ చూపించదు, లాలాజలంలో అది రాదు. కాబట్టి ఎన్ని పిడుదులు కరిచినా పశువు ఒంటికి టీకా గుర్తుకురాదు. ఏడాదిలో మళ్లీ మళ్లీ సూది వేయించాల్సిందే. టిక్‌గార్డ్ మార్కెట్లో నిలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పిడుదు జాతిని బట్టి, ప్రాంతాన్ని బట్టి కూడా ఫలితం మారింది. అర్జెంటీనాలో దొరికిన ఒక పిడుదు రకం మీద బీఎం86 సరిగా పనిచేయలేదు.

అయినా నేను టీకా వైపే ఉంటాను. మందులకు పిడుదులు అలవాటుపడిపోతున్నాయి. మోతాదు పెంచినా చావని వాటిని నేనే చూశాను. టీకా వేసి పిచికారీలు తగ్గించుకోవడమే సరైన దారి అని నా నమ్మకం. డాక్టరు టీకా రాస్తే, నెల తిరక్కముందే పనిచేయలేదని వదిలేయకండి.

మనుషుల సంగతి పూర్తిగా వేరు. మనకు పిడుదు గుడ్లతో పనిలేదు, ఒక్క కాటు రోగం అంటించకుండా ఉంటే చాలు. ఆ కాటేమో తెలియదు. ఒకసారి నా మోకాలి వెనక చిన్న నల్లమచ్చ వేలికి తగిలింది, గీరితే రాలేదు. అద్దంలో చూస్తే ఆ మచ్చకు కాళ్లు కనబడ్డాయి, అది పిడుదు. ఎప్పటినుంచి ఉందో, నొప్పి లేదు, దురద లేదు. దాని లాలాజలంలో నొప్పి తెలియకుండా, రక్తం గడ్డకట్టకుండా, మన రోగనిరోధక శక్తి మేలుకోకుండా చేసే పదార్థాలు ఉంటాయి.

అందుకే యేల్ విశ్వవిద్యాలయంలో ఎరోల్ ఫిక్రిగ్ బృందం పేగును వదిలి లాలాజలాన్ని ఎంచుకుంది. పిడుదు లాలాజలంలోని 19 ప్రొటీన్లతో ఎంఆర్ఎన్ఏ టీకా తయారుచేసి 2021లో ఫలితాలు ప్రచురించింది. టీకా వేసిన గినీ పందులకు పిడుదు కరిచిన చోట త్వరగా ఎర్రబడింది, పిడుదులు సరిగా తాగకుండానే ఊడిపోయాయి. ఎరుపు కనబడగానే పిడుదును తీసేస్తే ఒక్కదానికీ పిడుదు కాటుతో అంటుకునే లైమ్ వ్యాధి బాక్టీరియా సోకలేదు. టీకా వేయనివాటిలో దాదాపు సగానికి సోకింది. లైమ్ బాక్టీరియా ఒంట్లోకి రావడానికి సాధారణంగా ఒక రోజుకు పైగానే పడుతుంది కాబట్టి ఈ ఉపాయం పారింది. పిడుదులే మోసే పోవాసన్ అనే వైరస్ అయితే నిమిషాల్లోనే ఎక్కేస్తుంది, దానికి ఇంత వ్యవధి ఉండదు. ఇదే టీకా ఎలుకల్లో పనిచేయలేదు. ఎలుకలకు ఎన్నిసార్లు పిడుదులు కరిచినా సహజంగానే నిరోధకత రాదు. మనుషుల ఒళ్లు గినీ పందిలా స్పందిస్తుందా, ఎలుకలా స్పందిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ప్రస్తుతానికి మనుషులకున్నది పిడుదు మోసే రోగాలకు టీకాలు మాత్రమే. పిడుదుల వల్ల వచ్చే మెదడువాపుకు యూరప్‌లో దశాబ్దాలుగా టీకా వేస్తున్నారు. లైమ్‌కు అమెరికాలో 1998లో అనుమతి పొందిన లైమ్‌రిక్స్‌ను 2002లో ఆపేశారు. అనుమానాలు ముసిరి, కొనేవాళ్లు తగ్గిపోయారు.

ఒంటిమీద పిడుదు కనబడితే నూనె పోయకండి, కాల్చకండి. సన్నటి మొనలున్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. తీసిన తేదీ రాసిపెట్టుకోండి. తర్వాతి వారాల్లో జ్వరం గానీ దద్దురు గానీ వస్తే డాక్టరు మొదట అడిగేది అదే.