నీ డ్రాగన్ సంగతి మీ అమ్మ చెప్పింది

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, తిన్నావా పడుకున్నావా అని కూడా అడక్కుండా, "నీ కూతురు చూడవే ఏం చేస్తోందో, జాయినింగ్ లెటర్ ఎప్పుడొస్తుందో తెలీదు గానీ ఈలోగా డ్రాగన్ తెచ్చుకుంటుందట" అంది. నేను పగలబడి నవ్వాను. దాంతో అక్కకి ఇంకా మండింది. "అంతా నువ్వే నేర్పావు" అని ఫోన్ పెట్టేసింది. నేనేం నేర్పాను? నీకు ఆరేళ్లప్పుడు సెలవులకి తెనాలి వచ్చి, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక లాప్‌టాప్‌లో గేమ్ తెరిచి ఊదారంగు డ్రాగన్ మీద అలా తిరుగుతుంటే, నువ్వు ఒళ్ళోకి ఎక్కి "పిన్నీ, కొండ మీద నుంచి ఇంకోసారి దూకించు" అన్నావు. అంతే నేను చేసింది. అప్పటి నుంచి మనసులో పెట్టుకున్నావన్నమాట.

ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ డబ్బులతో నువ్వే కట్టుకుంటున్నావని కూడా అక్క చెప్పింది. తిట్టాలనుకునే చెప్పింది గానీ, నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఆవిడకి తెలీదు. ఎందుకో కింద రాస్తాను. ముందు పనికొచ్చే మాటలు.

ఆ గేమ్‌కి, అదే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కి, నెలకి 15 డాలర్ల దాకా అవుతుంది. అకౌంట్ అమెరికా రీజియన్‌లో తెరువు, వేరే రీజియన్‌లో తెరిస్తే మనిద్దరం గేమ్‌లో ఎప్పటికీ కలవలేం. ఫోన్‌లో ఆథెంటికేటర్, అదే లాగిన్‌కి రెండో తాళం, మొదటి రోజే పెట్టుకో, రెండో రోజు కాదు. ఎగిరేటప్పుడు నంబర్ కీల మీద వేళ్ళు పెట్టకు. గాల్లో ఉండగానే మౌంట్, అంటే మనమెక్కిన జంతువు, దానంతటది మనల్ని దించేసే ఆప్షన్ ఒకటుంటుంది, అది ఆపి ఉందో లేదో చూసుకో. లేదంటే బాణం వేయబోయి నువ్వే బాణంలా కింద పడతావు. రాత్రి రెండింటి దాకా మేలుకోకు. ఇవి ఎవరైనా చెప్తారు.

నీకు కావాల్సింది నెదర్‌వింగ్ డ్రేక్ అనే డ్రాగనే కదా, అక్క "ఏదో నెదర్లాండ్ డ్రాగనట" అంది, దాన్నిబట్టే అర్థం చేసుకున్నా. మంచిదే ఎంచుకున్నావు. ఇప్పుడు డ్రాగన్లకేం కొదవ లేదు. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ అనే కొత్త భాగం వచ్చాక ఎగరడం పద్ధతే మారిపోయింది. కిందికి దూకితే వేగం వస్తుంది, ఆ వేగంతోనే పైకి లేవాలి, అచ్చం గాలిపటానికి దారం వదిలి లాగినట్టే ఉంటుంది. 2024 నుంచి దాన్నే స్కైరైడింగ్ అని పాత మౌంట్లలోనూ చాలావాటికి ఇచ్చారు. నాకు మొదట్లో కళ్ళు తిరిగాయి. తిరిగితే సిగ్గుపడకుండా పాత పద్ధతికి మార్చుకోవచ్చు, స్టెడీ ఫ్లైట్ అంటారు. కానీ నెదర్‌వింగ్ అనేది ఎవరో బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, చంపితే లాటరీలా రాలే డ్రాగన్ కాదు, షాపులో కొనే డ్రాగన్ అంతకన్నా కాదు. దాని నమ్మకం సంపాదించాలి.

గేమ్‌లో షాడోమూన్ వ్యాలీ అనే చోట, తూర్పు వైపు నెదర్‌వింగ్ ఫీల్డ్స్‌లో మోర్డెనై అని ఒకడుంటాడు. మొదట వాడిచ్చే పని డ్రాగన్లకి తిండి పెట్టడం. ఆ క్వెస్ట్ పేరే 'దయ'. అక్కడి నుంచి కథ పట్టుకుంటుంది. డ్రాగన్‌మా అనే ఓర్కులు, రాక్షసుల్లాంటి జాతి, ఈ డ్రాగన్లని బంధించి సవారీకి వాడుకుంటుంటారు. పెద్ద డ్రాగన్ నెల్థారాకు భార్య కారినాకుని గొలుసులతో కట్టేసి ఉంచుతారు. నువ్వెళ్ళి విడిపించాలి. అప్పుడు గానీ ఈ డ్రాగన్లకి నీ మీద పగ పోయి, మామూలు మనిషిగా చూడవు. అసలు చాకిరీ ఆ తర్వాతే మొదలు. ఓర్కు వేషం వేసుకుని, ఆ ఓర్కుల దగ్గరే కూలికి చేరి, రోజూ పనులు చేస్తూ లోపల్లోపల డ్రాగన్లకి సాయం చేయాలి. అక్కడి నుంచి చివరిదాకా 42,000 పాయింట్ల పలుకుబడి కావాలి. కొండ మీదా గనిలోనూ మెరిసే ఊదారంగు గుడ్లు దొరుకుతుంటాయి, ఒక్కోదానికి 250. ఒట్టి గుడ్లతోనే కావాలంటే 168 ఏరాలి, లెక్క నేను అప్పుడే వేసి ఫ్రిజ్ మీద అంటించా. గని లోపల గుడ్డు కనిపించగానే పరిగెత్తకు, చుట్టూ పురుగులుంటాయి. నేను పురుగుతో కొట్లాడుతుంటే ఎవడో వెనకనుంచి వచ్చి గుడ్డు ఎత్తుకుపోవడం ఎన్నిసార్లయిందో. ఒకసారైతే నిజంగా ఏడ్చాను. మీ బాబాయి వంటింట్లోంచి వచ్చి ఏమైందే అంటే, గుడ్డు పోయింది అన్నా. "ఫ్రిజ్‌లో ఇంకో డజను ఉన్నాయిగా" అన్నాడు పాపం.

మధ్యలో సోమరి కూలీల మీద బూటు విసిరే పని ఒకటి రోజూ వస్తుంది. అది ఆడేటప్పుడు మీ అమ్మ గదిలో లేకుండా చూసుకో. చివర్లో రేసులు. ముందు ఒకడు ఎగురుతుంటాడు, నువ్వు వెంటపడాలి, వాడు విసిరేవి తగలకుండా తప్పుకోవాలి. ఆఖరివాడు స్కైషాటర్, ఉల్కలు కురిపిస్తాడు. నేను పద్నాలుగోసారికి గెలిచా. ఆ పద్నాలుగోసారి కూడా నా నైపుణ్యమేం కాదు, వాడికి చాలా వెనకగా ఉండి, ఉల్క పడబోయే చోటు చూసి పక్కకి జరిగా. అంతే కిటుకు. మీదమీద పడకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి తెలీదు, తెలియనివ్వకు కూడా. వద్దులే, తెలిస్తే తెలియనీ, ఇరవై ఏళ్లు కావస్తోంది.

నేను 2006లో పెళ్ళయి, భర్త వెంట వచ్చేవాళ్ళకిచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాలో ఎడిసన్ వచ్చా. ఎమ్మెస్సీ చేసిన దాన్ని, కానీ ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. భర్తకి గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటిన కొందరికి పనిచేసుకునే వీలు 2015లో వచ్చింది, అప్పట్లో అదీ లేదు. డ్రైవింగ్ రాదు, పొద్దున ఎనిమిదింటికి బాబాయి వెళ్తే రాత్రి ఏడింటికి రావడం. బయట మంచు. లోపల నేను, హీటర్ చప్పుడు. బాబాయి ఆఫీసు ఫ్రెండు ఇచ్చిన గేమ్ డిస్కులు మూలనపడుంటే పెట్టి చూశా. 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ అనే కొత్త భాగం వచ్చింది, ఆ గేమ్‌లో మనం సొంతంగా ఎగరడం అప్పుడే మొదలు, అదీ అవుట్‌ల్యాండ్ అనే కొత్త లోకంలో మాత్రమే. కారు నడపడం రాని నేను గ్రిఫిన్, అదే గద్ద తల ఉన్న రెక్కల సింహం, ఎక్కి ఆకాశంలో తిరిగా. గేమ్ డబ్బు 800 గోల్డ్ పోసి నేర్చుకున్న మామూలు ఎగరడం, నత్తనడక. దానికే పొంగిపోయా.

మే 22న కొత్త ప్యాచ్‌లో ఈ నెదర్‌వింగ్ డ్రేకులు వచ్చాయి. కానీ ఆ రోజువారీ చాకిరీలోకి దిగాలంటే వేగంగా ఎగిరే పెద్ద రైడింగ్ నేర్చుకోవాలి, దానికి 5,000 గోల్డ్. ఇప్పుడు ఆ ఖర్చు చాలా తగ్గిపోయిందిలే. అప్పుడు నా దగ్గర 600 ఉంది. రోజుకి పది డైలీ క్వెస్టులకి మించి చేయనిచ్చేవారు కాదు, పది చేస్తే వంద గోల్డ్ అటూఇటూ. గిల్డ్‌లో, అంటే మేం కలిసి ఆడే జట్టులో, నా తర్వాత చేరినవాళ్ళు కూడా ఎర్ర మబ్బుల్లో రివ్వున పోతుంటే నేను కింద మూలికల గడ్డి కోసుకుంటూ చూసేదాన్ని. అప్పుడు ఒక సైట్ కనిపించింది, డాలర్లు కడితే గోల్డ్ పంపిస్తామని. బాబాయి కార్డు నంబరు నాకు కంఠతా వచ్చు, కిరాణా దానిమీదే తెప్పించేదాన్ని కదా. కొట్టేశా. త్వరగా అందాలంటే ఈ చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి అంటే అదీ వేసుకున్నా. ఎమ్మెస్సీ ఫిజిక్స్, గోల్డ్ మెడల్!

గోల్డ్ వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు సంతోషంతో. రైడింగ్ పొద్దున నేర్చుకుందాం, బాబాయి వెళ్ళాక, తీరిగ్గా అనుకున్నా. పొద్దున తెరిస్తే పాస్‌వర్డ్ తప్పంది. మూడు రోజులు కంపెనీ వాళ్ళతో తిప్పలు పడి అకౌంట్ వెనక్కి తెచ్చుకుంటే, నా వేటగత్తె, అదే నేనాడే క్యారెక్టర్, షాట్రత్ అనే ఊళ్ళో పోస్టు డబ్బా పక్కన ఒంటి మీద బట్ట లేకుండా నిలబడి ఉంది. సంచులు ఖాళీ. కొన్న 5,000 లేదు, నా 600 కూడా లేదు. అన్నిటికన్నా ఏం గుచ్చుకుందంటే, ఆ రోజుల్లో వేటగాళ్ళ జంతువులకి మనమే తిండి పెట్టాలి, లేకపోతే అలుగుతాయి. నా పులి పక్కనే నిలబడి ఉంది, దానికి పెట్టడానికి మాంసం ముక్క లేదు. అమ్మలూ, అది గేమ్, అదొక బొమ్మ పులి. తెలుసు. అయినా దాని మొహం చూడలేకపోయాను.

నెలాఖరుకి కార్డు బిల్లు వచ్చింది. నేను కట్టింది ఒకటైతే, ఎవరో ఇంకో మూడు లాగారు. బాబాయి నన్ను పిలిచి ఇవేంటో తెలుసా అని అడిగాడు. నేను తెలీదన్నాను. ఆయన నమ్మాడు. నా ఎదురుగానే బ్యాంకుకి ఫోన్ చేసి, నలభై నిమిషాలు లైన్లో ఉండి, "నా భార్యని కూడా అడిగానండీ, మేమెవ్వరం కొనలేదు" అని చెప్తుంటే నేను గిన్నెలు తోముతూ నీళ్ళ చప్పుడు ఇంకాస్త పెంచాను. పదకొండు రోజులు మోశాను ఆ అబద్ధాన్ని. అన్నం సయించలేదు. పన్నెండో రోజు చెప్పేశా. ఆయన అరవలేదు. "అడిగితే నేను ఇవ్వనా?" అన్నాడు. అంతసేపూ తల వంచుకున్న నాకు ఎక్కడలేని కోపం వచ్చి, "అడగాల్సి రావడమే నాకు ఇష్టం లేదు" అన్నాను. అది నా నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలీదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు బ్యాంకుకి ఫోన్ చేసి మొదటిది మాదేనని చెప్పాడు. ఆ వారమే నా పేరు మీద ఒక అకౌంట్ తెరిచి, నెలనెలా కొంత వేసి, ఎందుకు ఏమిటి అని ఎప్పుడూ అడగలేదు. అయినా అది ఆయన డబ్బే కదా.

నీ స్టైపెండ్ మాట వినగానే నాకు గొంతు పట్టేసింది అందుకే. నీ పని, నీ డబ్బు, నీ డ్రాగన్. మీ అమ్మ సణుగుతుంది, సణగనీ. కానీ దాచకు. "ఇంతయింది, నేను కట్టా" అని మొహమ్మీదే చెప్పు. నాన్న కార్డు మాత్రం ఆ గేమ్‌లో సేవ్ చేయొద్దు, ఒక్క నెలకి కూడా, ఆయనే ఇచ్చినా. చిన్న మొత్తం వేసిన వేరే కార్డు పెట్టుకో. గోల్డ్ కావాలంటే 2015 నుంచి కంపెనీయే టోకెన్ అమ్ముతోంది, దాన్ని గోల్డ్‌గా మార్చుకోవచ్చు, అది తప్పు కాదు, కొనుక్కుంటే కొనుక్కో. బయట ఎవరో చవకన్నారని, ఏదో లింకని వస్తే మాత్రం ముట్టుకోకు. ముట్టుకున్నావే అనుకో, మూర్ఖంగా నాలా గిన్నెలు తోముతూ కూర్చోకుండా ఆ గంటలోనే నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా సరే. తిట్టను. తిడతాను కొంచెం.

తర్వాత ఏమైందో చెప్పలేదు కదూ. గిల్డ్‌లో ఒక పెద్దావిడ ఉండేది, ఒహాయోలో స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. హ్యాకయిందని అందరికీ చెప్పా, ఎలాగో చెప్పలేదు. ఆవిడకి అర్థమైపోయింది. ఏమీ అనకుండా వాయిస్ చాట్‌లో నన్ను పక్కకి పిలిచి, గేమ్‌లోని నాగ్రాండ్ కొండల మీద డ్రీమింగ్ గ్లోరీ అనే మూలిక ఎక్కడెక్కడ మొలుస్తుందో వెంటబెట్టుకుని చూపించింది. పులికి మాంసం కూడా ఆవిడే పంపింది, పోస్టులో, అరవై ముక్కలు. గడ్డి కోసి అమ్మి ఏడు వారాల్లో 5,000 పోగేశా. ఆ ఏడు వారాలూ ఆవిడ, నీకు కారు నడపడం ఎందుకు రాదు, ఇంత బాగా గ్రిఫిన్ తోలుతున్నావుగా అని ఒకటే పోరు. బస్సే తోలాను, కారెంత అనేది. నవంబరులో లైసెన్సు తెచ్చుకున్నా. డ్రేక్ కన్నా రెండు వారాల ముందే.

డ్రేక్ వచ్చే రోజు క్వెస్ట్ సంగతి నీకు చెప్పను, చూసుకో. ఒళ్ళు జలదరిస్తుంది, అంతే. చివర్లో షాట్రత్‌లో ఆరు డ్రాగన్లు వరసగా నిలబడతాయి, ఒకటి ఉచితం, మిగతావి ఒక్కోటి 200 గోల్డ్. నల్లది ఒనిక్సియన్ అందరూ ఎగబడి తీసుకుంటారు. నేను వొరనాకుని తీసుకున్నా, నీలం కలిసిన ఊదా, అమ్మమ్మ గద్వాల చీర అంచు రంగు. ఎందుకు తీసుకున్నావని గిల్డ్‌లో అడిగితే వాళ్ళకి గద్వాల ఏం చెప్పను, ఊరికే అన్నా. నువ్వు మాత్రం నీకు నచ్చింది తీసుకో, నేను ఊదా అన్నానని ఊదా తీసుకోకు.

నా అకౌంట్ రెండేళ్లుగా మూసి ఉంది, ఈ నెలకి మళ్ళీ తెరుస్తా. బాబాయికి చెప్పా, "మళ్ళీనా" అన్నాడు, నవ్వాడు. శనివారం మీకు రాత్రి ఎనిమిదింటికి షాడోమూన్‌కి రా. నీ క్యారెక్టర్ పేరు, సర్వర్ పేరు వాట్సాప్‌లో పెట్టు. నా పులి ఇంకా ఉంది. ఆ గనిలోకి ఇద్దరం కలిసే వెళ్దాం, పురుగుల్ని నేను చూసుకుంటా. గుడ్డు కనిపిస్తే నాకోసం ఆగకు, తీసేసుకో.

పిన్ని