మట్టి తినే ఆవుకు కాల్షియం సీసాలా?

ప్రశ్న: మా ఆవు మూడో ఈత ఈని 20 రోజులైంది. పూటకు 6 లీటర్లు ఇచ్చేది 4కు దిగింది. గోడలు నాకుతోంది, మట్టి తింటోంది, గుడ్డపీలికలు నములుతోంది. కాల్షియం లోపమని మందుల షాపులో చెబితే, ఈనడానికి నెల ముందు నుంచీ రోజూ 100 మి.లీ. కాల్షియం టానిక్ పట్టిస్తున్నాం. అయినా తగ్గలేదు. కాల్షియం ఇంజక్షన్ చేయించమంటారా?

జవాబు: వద్దు. మీరు చెప్పిన లక్షణాలు కాల్షియం లోపానివి కావు. ఒంట్లో కాల్షియం తగ్గితే ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లోనే కూలబడుతుంది, చెవులు చల్లబడతాయి, మెడ డొక్కవైపు తిప్పి పడుకుంటుంది. గోడలు నాకి, గుడ్డలు నమిలే పశువులో ముందు అనుమానించాల్సింది భాస్వరం లోపాన్ని. ఉప్పు చాలకపోయినా, కడుపులో పురుగులున్నా అలాగే చేస్తుంది. లీటరు పాలతో దాదాపు 1 గ్రాము భాస్వరం బయటికి పోతుంది. ఎండుగడ్డిలో అది చాలా తక్కువ. మీరు పట్టిస్తున్న సీసాలో ఎంతుందో లేబుల్ మీద చూడండి.

ముందు పేడ పరీక్ష చేయించండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా రైతులు నేరుగా మందుకే వెళ్తున్నారు. పొట్టలో గుండ్రటి పురుగులుంటే ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 7.5 మి.గ్రా., అంటే 400 కిలోల ఆవుకు 3 గ్రాములు, ఒకేసారి తాగించాలి. కార్జపు జలగలైతే ఈ మందు సరిపోదు, వేరేది కావాలి. పరీక్ష లేకుండా ఆ తేడా షాపతనికి ఎలా తెలుస్తుంది? మందు లేబుల్ మీద రాసినన్ని రోజులు పాలు అమ్మకండి.

లవణ మిశ్రమం రోజుకు 100 గ్రాములు, పూటకు 50 చొప్పున, తడిపిన దాణాలో కలపండి. భాస్వరం 9 శాతానికి తగ్గని రకమే కొనండి. ఉప్పు విడిగా 30 గ్రాములు. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది, దాణాలో చేర్చండి. మట్టి తినడం వారంలో మానదు, నెలైనా ఆగాలి. అప్పటిదాకా తాళ్లు, ప్లాస్టిక్, ముఖ్యంగా ఎముకలు నోటికి అందనివ్వకండి. కుళ్లిన ఎముక నమిలితే బొటులిజం అనే విషవ్యాధి వచ్చి కాళ్లు పడిపోతాయి.

చూడి చివరి నెలలో కాల్షియం పట్టించమన్న సలహా అసలైన తప్పు. ఈనాక పాలకు కావాల్సిన కాల్షియాన్ని ఆవు తన ఎముకల నుంచి లాక్కోవాలి. ముందే బయటి నుంచి పోస్తుంటే ఆ శక్తి మందగించి పాలజ్వరం, అంటే పైన చెప్పిన కూలబడే జబ్బు, రావచ్చు. మీ ఆవు ఈసారి తప్పించుకుంది. వచ్చే ఈతకు చివరి 3 వారాలు ఆ సీసా జోలికి పోకండి. కాల్షియం ఇంజక్షన్ సంగతి: గుండె చప్పుడు వినకుండా నరానికి గబగబా ఎక్కిస్తే ఆవు అక్కడికక్కడే చనిపోతుంది. డాక్టరు తప్ప మరొకరు చేయకూడదు.

ఇంకో రెండు మూడు వారాలు రోజూ మూత్రం రంగు చూడండి. భాస్వరం మరీ పడిపోతే రక్తకణాలు చిట్లి మూత్రం కాఫీ రంగులో వస్తుంది. గోమార్లుండి జ్వరం కూడా ఉంటే అది గోమార్ల ద్వారా సోకే బెబీసియా అనే రక్తపు జబ్బు కావచ్చు, దాని చికిత్స వేరు. జ్వరం లేకపోతే సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ 60 గ్రాములు 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి డాక్టరు నరానికి ఎక్కిస్తారు. రంగు మారిన రోజే పిలవండి, మర్నాటికి వాయిదా వేయకండి.